బట్టీ పట్టిన కణం వార్డులో గుర్తుకు రాకపోతే

బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి, చీపురుపల్లి వైపు, అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. కణం చాప్టర్ మొత్తం బట్టీ పట్టేశాను. కణం చనిపోయే రెండు తీరులు, నెక్రోసిస్‌కీ అపాప్టోసిస్‌కీ తేడాలు టేబుల్ వేసి రాసేస్తాను. కానీ వార్డులో 'ఈయన కాళ్లు ఎందుకు వాచాయి, పొటాషియం ఎందుకు పెరిగింది' అని అడిగితే నోరు పెగలదు. టెన్షన్ వచ్చేస్తోంది. ఏది ముందు చదవాలి, ఎలా చదవాలి?"

అమ్మా, టేబుళ్లు నీకు వచ్చేశాయి కదా, వాటిని కాస్త పక్కన పెట్టు. వార్డులో నిన్ను అడిగేది వరుస. కణంలో ముందు ఏది ఆగింది, అది ఆగితే వెనకాల ఏది చెడింది, చివరికి పేషెంట్ ఒంటి మీద ఏం కనిపించింది. ఈ వరుస పట్టుబడితే సగం పాథాలజీ చదవకుండానే ఊహించి చెప్పగలవు. నేను శ్రీకాకుళంలో మెడికల్ వార్డులోనూ డయాలసిస్ యూనిట్‌లోనూ చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత ట్యూటర్‌గా మారినదాన్ని. పిల్లలకి నేను చెప్పే క్రమం పుస్తకంలో ఉండే క్రమం కాదు. పుస్తకం న్యూక్లియస్‌తో మొదలుపెట్టి, గాల్జీ మీదుగా సెంట్రియోల్ దాకా నడిపిస్తుంది. పరీక్షకి అది చాలు. జబ్బు అర్థం కావాలంటే మాత్రం కణం పొర మీద ఉన్న ఒక్క ప్రోటీన్ దగ్గర మొదలుపెట్టు. అదే సోడియం పొటాషియం పంపు.

కణం లోపల పొటాషియం లీటరుకు 140 మిల్లీ ఈక్వివలెంట్ల దగ్గర ఉంటుంది. బయట, రక్తంలో, 3.5 నుంచి 5 మాత్రమే. సోడియం దీనికి తిరగేసి ఉంటుంది: బయట 135 నుంచి 145, లోపల 10, 15. ఈ తేడా దానంతట అది నిలవదు. పొర ఎప్పుడూ కొంచెం కారుతూనే ఉంటుంది. సోడియం లోపలికి, పొటాషియం బయటికి జారిపోతూనే ఉంటాయి. పాత పడవలో ఒకరు వల చూసుకుంటుంటే ఇంకొకరు అడుగున చేరిన నీళ్లు డబ్బాతో తోడి పోస్తూనే ఉంటారు, భావనపాడు వైపు వాళ్లనడిగితే చెబుతారు. కణం బతకడం కూడా అంతే. పంపు ఒక్కో ఏటీపీని, అంటే కణం వాడుకునే శక్తి నాణేన్ని, ఖర్చుపెట్టి మూడు సోడియంలను బయటికి నెట్టి, రెండు పొటాషియంలను లోపలికి లాక్కుంటుంది. మనం ఊరికే పడుకుని ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ ఒక్క పనికే పోతుందని లెక్క. మెదడు కణాల్లో ఇంకా ఎక్కువ.

ఈ పంపును డెన్మార్క్‌కి చెందిన జెన్స్ స్కౌ పీత కాళ్లలోని నరాల మీద పనిచేస్తూ పట్టుకున్నాడు. 1957లో ప్రకటించాడు, 1997లో నోబెల్ వచ్చింది. ఇక ఏటీపీని కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయనా, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమానూ విడివిడిగా దాన్ని చూపించారు. మన తెలుగు పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకని చెప్పాను. సరే, పాఠంలోకి వద్దాం.

ఇప్పుడు గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందనుకో. ఆక్సిజన్ రాదు. కణానికి శక్తి తయారుచేసిపెట్టే మైటోకాండ్రియా పని ఆగిపోతుంది. ఒక గ్లూకోజు నుంచి 30, 32 ఏటీపీలు వచ్చే చోట ఇప్పుడు ఆక్సిజన్ లేకుండా గ్లూకోజుని విరిచే గ్లైకాలిసిస్ మీదే ఆధారపడాలి, దాని నికర రాబడి 2. రాబడి అంత పడిపోతే పంపు మందగిస్తుంది. సోడియం లోపల పేరుకుంటుంది, దాని వెంట నీళ్లు వస్తాయి, కణం ఉబ్బుతుంది. పుస్తకంలో 'హైడ్రోపిక్ మార్పు' అని నువ్వు బట్టీ పట్టినది ఇదే. ఇంకోపక్క గ్లైకాలిసిస్ వల్ల లాక్టిక్ ఆసిడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది. ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ మీది రైబోజోములు ఊడిపోయి ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. ఈ దశ దాటకముందే రక్తం తిరిగి వస్తే కణం కోలుకుంటుంది. రివర్సిబుల్ ఇంజురీ అంటే ఇంతే, వేరే నిర్వచనం అక్కర్లేదు.

కోలుకోలేని గీత ఎక్కడుంది? కాల్షియం దగ్గర. కణద్రవంలో కాల్షియం మామూలుగా బయటికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. దాన్ని అలా ఉంచడానికి కూడా శక్తే కావాలి. ఆ శక్తి లేనప్పుడు కాల్షియం లోపలికి దూసుకొచ్చి నిద్రపోతున్న ఎంజైములను లేపుతుంది. ఫాస్ఫోలైపేజులు పొరను కొరుకుతాయి, ప్రోటియేజులు లోపలి చట్రాన్ని తెంపుతాయి, ఎండోన్యూక్లియేజులు డీఎన్ఏని ముక్కలు చేస్తాయి. పొర చిరిగి, మైటోకాండ్రియా మళ్లీ పనిచేయలేని స్థితికి వచ్చాక ఎంత ఆక్సిజన్ ఇచ్చినా లాభం లేదు. గుండె కండరానికి ఈ గీత రక్తం పూర్తిగా ఆగిన 20 నుంచి 40 నిమిషాల్లో వస్తుంది. మెదడు కణాలకి మూడు నుంచి ఐదు నిమిషాలే. అందుకే గుండెపోటు పేషెంట్ వచ్చిన వెంటనే డాక్టర్లు గడియారం చూస్తారు.

పొర చిరిగాక లోపలి సరుకు రక్తంలోకి వస్తుంది. ట్రోపోనిన్ రిపోర్టు అంటే ఇదే కదా! గుండె కండరం లోపల ఉండాల్సిన ప్రోటీన్ బయట దొరికింది. లివర్ కణం దెబ్బతింటే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, క్లోమం దెబ్బతింటే లైపేజు, కండరం నలిగితే సీకే అనే ఎంజైము. ఒక్కో ఎంజైము ఏ జబ్బులో పెరుగుతుందో విడిగా బట్టీ పట్టకు. 'ఇది ఏ కణం లోపలిది?' అని అడుగు. ట్రోపోనిన్ పెరగడానికి మామూలు పరీక్షలో మూడు నాలుగు గంటలు పడుతుంది, అందుకే నొప్పి మొదలైన అరగంటకి పంపిన శాంపిల్ నార్మల్ వచ్చినా మళ్లీ తీయమంటారు.

నర్సుగా నీకు రోజూ పనికొచ్చే ముక్క ఒకటి ఇక్కడే ఉంది. టూర్నికే పట్టీ బిగించి పిడికిలి పదేపదే మూయిస్తే చేతి కండరాల్లోంచి పొటాషియం బయటికి వస్తుంది. సన్నటి సూదితో బలవంతంగా లాగిన రక్తంలో ఎర్రకణాలు పగులుతాయి. వాటి లోపలి పొటాషియం సీరంలో కలుస్తుంది. రిపోర్టులో పొటాషియం 6.2 అని వస్తుంది, పేషెంట్‌కి ఏమీ ఉండదు. తీసిన శాంపిల్‌ని సీరం వేరు చేయకుండా ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే తంతు. చలికి పంపు మందగిస్తుంది, పొటాషియం బయటికి జారుతుంది. బ్లడ్ బ్యాంకులో 2 నుంచి 6 డిగ్రీల దగ్గర ఉంచిన పాత రక్తం సంచిలో పొటాషియం ఎక్కువ ఉండేదీ ఇందుకే. పసిపిల్లలకీ, ఎక్కువ సంచులు త్వరత్వరగా ఎక్కించాల్సిన వాళ్లకీ అది ముప్పు. చూశావా, ఒక్క పంపు తెలిస్తే ఎన్ని చోట్లకి తీసుకెళ్తుందో.

నెక్రోసిస్, అపాప్టోసిస్ తేడా కూడా శక్తి దగ్గరే తేలుతుంది. నీ టేబుల్‌లో పది తేడాలు ఉండి ఉంటాయి. అపాప్టోసిస్ అనేది పద్ధతిగా చేసే పని, దానికి ఏటీపీ ఖర్చవుతుంది. కాస్పేజులనే ఎంజైములు లోపలి సామానును విడగొడతాయి, పొర చిరగకుండా కణం ముక్కలై చిన్న సంచులుగా మారుతుంది. పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడైల్‌సెరీన్ బయటివైపుకి తిరుగుతుంది. అది చూసి మాక్రోఫేజులు వచ్చి మింగేస్తాయి. లోపలి సరుకు బయట పడలేదు కాబట్టి వాపూ లేదు, ఎరుపూ లేదు. నెక్రోసిస్‌లో శక్తి అయిపోయింది, పద్ధతి లేదు, పొర పగిలింది, సరుకు ఒలికింది, చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ వచ్చింది. మిగతా తేడాలన్నీ వీటి వెనక నడుచుకుంటూ వస్తాయి. 1972లో కెర్, వైలీ, కరీ ఈ పేరు పెట్టేదాకా కణం ఇలా పద్ధతిగా చనిపోగలదన్న సంగతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కడుపులో బిడ్డ చేతివేళ్లు విడిపోయేది దీనివల్లే.

నెక్రోసిస్ రకాలు గుర్తుంచుకోవడానికి అవయవం పట్టుకో. గుండె, కిడ్నీ అయితే కోయాగ్యులేటివ్, మెదడు అయితే లిక్విఫాక్టివ్, టీబీ అయితే కేసియస్, క్లోమం చుట్టూ ఫ్యాట్ నెక్రోసిస్, షుగర్ పేషెంట్ కాలివేలు నల్లబడితే గాంగ్రీన్. ఇంతకంటే దాని మీద టైమ్ పెట్టకు.

అడాప్టేషన్, అంటే దెబ్బకి కణం చేసుకునే సర్దుబాటు, ఆ పాఠానికి మాత్రం మన ఊళ్లలో ఉన్నంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా దొరకదు. మీ ఇళ్లల్లో పెద్ద వయసు ఆడవాళ్లు ఎవరైనా అడ్డపొగ తాగేవాళ్లు ఉన్నారా? చుట్ట నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా తీరం వెంట, ఈ అలవాటు బాగా ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది అంగుళ్లు, అంటే నోటి పైకప్పులు, పరీక్షించి డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్ మెహతా బృందం 1971లో రాసిన వ్యాసం ప్రపంచమంతా తెలుసు. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే అంగుడు తెల్లగా మందమై, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో కనిపిస్తుంది. వేడీ పొగా రోజూ తగిలే పొర తనను కాపాడుకోవడానికి కెరటిన్ మందంగా పేర్చుకుంటుంది, ఆ తెలుపు అదే. ఎర్రటి చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు, అవి వాచి ఉంటాయి. కొన్నిచోట్ల మాత్రం కణాలు వరుస తప్పుతాయి, న్యూక్లియస్‌లు పెద్దవై నల్లగా రంగు పట్టుకుంటాయి, విభజన అడుగు పొర దాటి పైపొరల్లో కూడా కనిపిస్తుంది. అది డిస్‌ప్లేసియా. అక్కడినుంచి దారి క్యాన్సర్ వైపు. మామూలుగా చుట్ట, బీడీ తాగేవాళ్లకి గట్టి అంగుట్లో క్యాన్సర్ అరుదు, అడ్డపొగ వాళ్లకి మాత్రం అక్కడే వస్తుంది. దెబ్బ ఎక్కడ తగిలితే మార్పు అక్కడే అన్నమాట.

మామూలుగా పొగ తాగేవాళ్ల ఊపిరిగొట్టాల్లో నూగున్న కణాలు పోయి చదునైన స్క్వామస్ కణాలు వస్తాయి, అది మెటాప్లేసియా. కొత్త కణాలు పొగను తట్టుకుంటాయి గానీ కఫాన్ని పైకి నెట్టలేవు. అందుకే పొద్దున్నే ఆ దగ్గు. ప్రతి సర్దుబాటుకీ ఒక ఖరీదు ఉంటుంది, పరీక్షలో ఆ ఖరీదేమిటో రాస్తే మార్కులు వేస్తారు. బీపీ వల్ల గుండె ఎడమ జఠరిక మందమవుతుంది, కానీ ఆ మందానికి సరిపడా రక్తనాళాలు పెరగవు. కట్టు కట్టిన కాలు సన్నబడుతుంది, ఖర్చు తగ్గించుకుంది, బలమూ పోయింది.

ఇక కిడ్నీ. దీని మీద నాకు మాటలు ఆగవు, ముందే చెబుతున్నా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు పేర్లు నువ్వు పేపర్లో ఎన్నోసార్లు చూసి ఉంటావు. ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్లలో షుగరూ బీపీ లేని వాళ్లకి కూడా కిడ్నీలు పాడవడం. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కూలీల్లోనూ ఉంది. కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, పురుగుమందులు, లోహాలు, నొప్పి మాత్రలు, జన్యువులు, ఒక్కొక్కదాని మీదా అనుమానం ఉంది. జవాబు పత్రంలో 'నీళ్ల వల్లే' అనో 'పురుగుమందుల వల్లే' అనో తేల్చి రాసేయకు. టీవీ చర్చల్లో అంటే అన్నారులే.

కారణం తేలకపోయినా దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుసు. కిడ్నీ గొట్టాల మీదా, వాటి మధ్య కణజాలం మీదా. అక్కడే ఎందుకు? గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. రోజుకి దాదాపు 180 లీటర్లు వడగడతాయి, అందులో లీటరున్నరో రెండో తప్ప మిగతాదంతా వెనక్కి తీసుకోవాలి. ఆ వెనక్కి తీసుకునే పనిలో మూడింట రెండు వంతులు గొట్టం మొదటి భాగమైన ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణానిదే. ఆ పనికి నడిపించే బలం ఏది? మళ్లీ మన పంపే. కణం వెనకవైపు వరుసగా పంపులు, వాటి పక్కనే కిక్కిరిసిన మైటోకాండ్రియా. ఇంత శక్తి తినే కణానికి ఆక్సిజన్ తగ్గినా, విషం తగిలినా ముందు దెబ్బ దానికే. పైగా రక్తంలోని మందులనూ విషాలనూ లాగి మూత్రంలోకి తోసేదీ అదే కాబట్టి, వాటి మోతాదు దాని లోపలే ఎక్కువ.

ముందు దెబ్బ తిన్నది వడపోసే గ్లోమెరులస్ కాదు కాబట్టి మూత్రంలో ప్రోటీన్ మొదట్లో పెద్దగా పోదు. కాళ్ల వాపు ఉండదు. బీపీ కూడా చాలామందికి మొదట్లో మామూలుగానే ఉంటుంది. మనిషి తోటకి వెళ్లి పనిచేసుకుంటూనే ఉంటాడు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోసే చిన్న యూనిట్లు, ఉంటాయి, పోయినవి మళ్లీ పుట్టవు, మిగిలినవి వాటి పని కూడా నెత్తినెత్తుకుంటాయి. కాబట్టి కిడ్నీ వడపోసి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో చాలాకాలం హద్దు లోపలే ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క బాగా అర్థం చేసుకో. క్రియాటినిన్ రెండింతలైందంటే వడపోత సుమారు సగానికి పడిందని. 0.7 ఉన్న మనిషికి 1.4 వస్తే ఇంట్లోవాళ్లు 'కొంచెమే పెరిగింది' అనుకుంటారు. నిజానికి పోయినది సగం. 4 నుంచి 8కి పెరిగితే హడావిడి పడతారు, అప్పుడు పోవడానికి మిగిలింది కొంచెమే. ఈ ఒక్క సంగతి పేషెంట్ల ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలిగిన నర్సుని నేను మంచి నర్సు అంటాను.

ఎండలో పనిచేసి ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కోవడం మన దగ్గర మామూలు. దాని సంగతి కూడా కణం దగ్గరే చూడు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి ధమనికను తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర వాటి తయారీనే ఆపుతుంది. చెమట పట్టి ఎండిపోయిన మనిషికి ఆ మాత్ర పడితే ధమనిక బిగుస్తుంది, ట్యూబ్యూల్ కణానికి రక్తం తగ్గుతుంది. ఆ తర్వాత వరుస ఇందాక గుండె దగ్గర చెప్పినదే.

జబ్బు ముదిరాక పేషెంట్ వచ్చి "ఒంట్లో సత్తువ నేదమ్మా, నాలుగడుగులేస్తే ఆయాసం" అంటాడు. హిమోగ్లోబిన్ చూస్తే 7. ఎర్రకణాల తయారీని పురిగొల్పే ఎరిత్రోపోయిటిన్‌ని తయారుచేసే కణాలు ఆ గొట్టాల మధ్య కణజాలంలోనే ఉంటాయి, అక్కడంతా మచ్చ కట్టింది. ఎముకల నొప్పులంటాడు. విటమిన్ డిని పనికొచ్చే రూపానికి మార్చే చివరి మెట్టు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోనే. ఇవన్నీ 'సీకేడీ (దీర్ఘకాల కిడ్నీ జబ్బు) లక్షణాలు' అని పది పాయింట్లుగా బట్టీ పడతారు పిల్లలు. ఏ కణం ఏ పని మానేసిందో చూస్తే పది పాయింట్లు వాటంతట అవే వస్తాయి.

పొటాషియం గురించి నిన్ను అడిగారన్నావు. కిడ్నీ బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పెరుగుతుంది. మామూలు కొలత 5 దాకా అని చెప్పాను. అది 6.5, 7 అయితే లోపలికీ బయటికీ ఉన్న తేడా తగ్గి, గుండె కణం పొర మీది విద్యుత్ అదుపు తప్పుతుంది. ఈసీజీలో టీ తరంగం నిటారుగా పొడుచుకొస్తుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది, గుండె ఆగిపోవచ్చు. ఉద్దానంలో దీనికి ఇంకో ముడి ఉంది. అలసిపోయిన మనిషికి ఇంట్లోవాళ్లు ప్రేమగా కొట్టిచ్చేది కొబ్బరిబొండాం. ఒక పెద్ద గ్లాసు కొబ్బరినీళ్లలో పొటాషియం 500 మిల్లీగ్రాములు దాటవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది మంచిదే, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ప్రాణం మీదకి రావచ్చు. మూడు రోజుల గ్యాప్ తర్వాత డయాలసిస్‌కి వచ్చిన వాళ్లని బరువు చూడకముందే 'బొండాం తాగారా' అని అడగడం నాకు అలవాటైపోయింది. చాలామంది తల దించుకుంటారు. తిట్టకూడదు, తోటలో పుట్టి పెరిగిన మనుషులు.

ఇప్పుడు వైద్యం చూడు, ఎంత చక్కగా కలుస్తుందో. ముందు కాల్షియం గ్లూకోనేట్ ఇస్తారు, అది పొటాషియంని తగ్గించదు, గుండె పొరను కుదుటపరుస్తుంది, అంతే. తర్వాత ఇన్సులిన్, గ్లూకోజు. ఇన్సులిన్ పంపును ఉరికిస్తుంది, పొటాషియం కణంలోకి పోతుంది. గ్లూకోజు ఎందుకంటే షుగర్ పడిపోకుండా. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ కూడా పంపునే ఉరికిస్తుంది. కానీ ఇవన్నీ పొటాషియంని దాచిపెట్టే పనులే, ఒంట్లోంచి పంపేవి కావు. కొన్ని గంటలకి అది తిరిగి బయటికి వస్తుంది. నిజంగా బయటికి పంపేది డయాలసిస్సో, మూత్రం వచ్చే మనిషైతే మూత్రం పెంచే మందులో.

గుండె మందు డిజాక్సిన్ ఇదే పంపును కావాలని కొంచెం ఆపుతుంది. సోడియం లోపల పెరుగుతుంది, దానివల్ల కాల్షియం బయటికి పోవడం తగ్గుతుంది, గుండె గట్టిగా ముడుచుకుంటుంది. పంపు మీద డిజాక్సిన్, పొటాషియం ఒకే చోటు కోసం పోటీ పడతాయి. అందుకే మూత్రం మందులు వాడి పొటాషియం తగ్గిన మనిషికి అదే డోసు విషమవుతుంది. మాత్ర ఇచ్చే ముందు ఒక నిమిషం పూర్తిగా నాడి చూడమనేదీ, 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టర్‌కి చెప్పమనేదీ దీనికే.

కాళ్ల వాపు ప్రశ్న కణం లోపలిది కాదు, కణాల మధ్య చోటుది. సన్నటి రక్తనాళంలో నీటిని బయటికి నెట్టేది రక్తపు ఒత్తిడి, ధమని వైపు 35 మిల్లీమీటర్ల దగ్గర మొదలై సిర వైపు 15కి దిగుతుంది. లోపలికి లాగి ఉంచేది రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్, సుమారు 25 బలంతో. కొంచెం మిగిలిన నీటిని లింఫు నాళాలు ఊడ్చుకుపోతాయి. కాబట్టి వాపు చూడగానే నాలుగు ప్రశ్నలు: నెట్టుడు పెరిగిందా, లాగుడు తగ్గిందా, నాళం గోడ కారుతోందా, ఊడ్చే దారి మూసుకుందా. గుండె ఫెయిల్యూరైతే సిరల్లో ఒత్తిడి పెరిగి సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో అల్బుమిన్ మూత్రంలో పోయి పొద్దున లేచేసరికి ముఖం, కళ్ల కింద ఉబ్బుతుంది. లివర్ పాడైతే అల్బుమిన్ తయారే కాదు. దెబ్బ తగిలినచోట, చీము పట్టినచోట గోడ కారుతుంది.

నాలుగోది మన జిల్లాల్లో వెతుక్కోనక్కర్లేదు, బోదకాలు. మురికినీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ ఎక్కించిన వుచెరేరియా పురుగు లింఫు నాళాల్లో కాపురం పెడుతుంది. ఆ నాళాలు వెడల్పై, కవాటాలు చెడిపోయి ఊడ్చే పని ఆగుతుంది. గుండె, కిడ్నీ, లివర్ వాపుల్లో నిలిచేది పల్చటి నీరు, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇక్కడ నిలిచేది ప్రోటీన్ ఎక్కువున్న నీరు, అది ఏళ్ల తరబడి ఉండి చర్మం కింద పీచు కడుతుంది. మొదట్లో గుంట పడినా తర్వాత పడదు. చర్మం మడతల్లోంచి బ్యాక్టీరియా దూరి మాటిమాటికీ జ్వరం, ఎరుపు వస్తాయి, వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం పెరుగుతుంది. అందుకే మాత్రలెంత ముఖ్యమో, రోజూ సబ్బుతో కాలు కడిగి ఆరబెట్టుకోవడం అంత ముఖ్యమని చెప్పాలి. పేషెంట్లకి ఇది చిన్న మాటలా అనిపిస్తుంది. ఎందుకో వివరిస్తే చేస్తారు.

ఓఆర్ఎస్ కూడా ఈ వరుసలోకి వస్తుంది. కలరా విషం పేగు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థాన్ని పెంచి క్లోరైడ్ తలుపు తెరిచి పెట్టేస్తుంది, నీళ్లు దాని వెంట కారిపోతాయి. కానీ గ్లూకోజునీ సోడియంనీ కలిపి లోపలికి తెచ్చే ఇంకో తలుపు పాడవదు. ఉప్పు ఒక్కటే ఇస్తే లోపలికి పోదు, పంచదారతో కలిపి ఇస్తే పోతుంది. ఆ తలుపు పనిచేయాలంటే కణంలో సోడియం తక్కువుండాలి, తక్కువగా ఉంచేది వెనకవైపు పంపు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించి ప్రాణాలు నిలిపారు. ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకు సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజు కూడా 75. రెండూ సమానంగా ఎందుకున్నాయో ఇక నీకు చెప్పక్కర్లేదు. రుచి కోసమని ఇంట్లో ఇంకో రెండు చెంచాల పంచదార వేస్తే అది పేగులోకి నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది.

సికిల్ సెల్ గురించి ఒక్క మాట, సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు పోస్టింగ్ పడితే కావాలి. బీటా గ్లోబిన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆసిడ్ బదులు వేలీన్. ఆక్సిజన్ వదిలినప్పుడు ఆ హిమోగ్లోబిన్ కడ్డీలుగా కట్టి కణాన్ని వంచుతుంది, సన్నటి నాళాలు మూసుకుంటాయి, నొప్పి వస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా ఈ కట్టడం ఎక్కువవుతుంది. ఈ నొప్పి పేషెంట్‌ని 'నటిస్తున్నాడు' అనేవాళ్లు వార్డులో దొరుకుతారు, వాళ్ల మాట వినకు.

చదివే పద్ధతి అడిగావు కాబట్టి. ఏ జబ్బు పాఠమైనా ముందు నోట్సు మూసి, ఇంట్లో మాట్లాడే తెలుగులో మన భాషలోనే ఎవరికైనా చెప్పు. ఇంగ్లీషు పేర్లు ఆ తర్వాత అతికించు. తెలుగు మీడియం నుంచి వచ్చానని చిన్నబోకు. వరుస తెలిసిన పిల్లకి పేర్లు పట్టుకోవడం నెలల పని, పేర్లు మాత్రమే తెలిసిన పిల్లకి వరుస ఎప్పటికీ రాకపోవచ్చు. పరీక్షలో బాణం గుర్తులతో ఒక గొలుసు వేసి, దాని కింద రెండు వాక్యాలు రాయి. టేబుల్ అడిగినప్పుడే టేబుల్. వార్డులో రోజుకి ఒక్క కేస్‌షీట్ తీసుకో, అందులో అసాధారణంగా ఉన్న ఒక్క అంకెకి కణం దాకా వెనక్కి నడువు. రోజుకి ఒక్కటి చాలు.

ఒక లెక్క ఇస్తున్నా, జవాబు ఇక్కడే రాయి, చూస్తాను. షుగర్ బాగా పెరిగి కీటోఆసిడోసిస్‌తో ఒకాయన చేరాడు. వచ్చినప్పుడు పొటాషియం 5.6. రెండు రోజులుగా విపరీతంగా మూత్రం పోయిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టిన నాలుగు గంటలకి పొటాషియం 3.1. మూత్రంలో అంత పోగొట్టుకున్న మనిషికి మొదట 5.6 ఎలా వచ్చింది? తర్వాత 3.1 ఎలా అయింది? ఇన్సులిన్ డ్రిప్ పెట్టే ముందు నువ్వు ఏ రెండు విషయాలు చూసుకుంటావు?